చెవులమ్మ తీగ

ముందు ఆ చప్పుడు వినిపించేది. టంగ్. ఊపిరి తీసి వదిలేంత ఖాళీ. మళ్ళీ టంగ్. వెలుగు ఇంకా గోడల మీంచి కిందికి దిగని వేళ, షట్టర్లు ఎత్తకముందు, వీధి పొడవునా ఆ ఇనుప చప్పుడు రెండేసి అడుగులు వేసుకుంటూ వచ్చేది. పడకల్లో ఉన్నవాళ్ళు అటునుంచి ఇటు ఒత్తిగిలి, "చెవులమ్మ వచ్చినట్టుంది" అని గొణుక్కుని మళ్ళీ కళ్ళు మూసుకునేవాళ్ళు.

మనిషి ఆ తర్వాత కనిపించేది. పొట్టిగా, ఒక భుజం కాస్త వాలి, తలకి పెద్ద హెడ్‌ఫోన్లు. చేతిలో పొడుగాటి పిడి, దాని కొసన పళ్ళెమంత ఇనుప బిళ్ళ, బిళ్ళ వీపున అతికించిన మైకు. మైకు నుంచి ఒక తీగ, చెవుల నుంచి ఒక తీగ, రెండూ కలిసి ఒకే పిన్నుగా మారి జేబులోని ఫోన్‌లోకి దూరేవి. బిళ్ళ నేల మీద పెట్టి, కళ్ళు మూసుకుని, ఎవరో చెవిలో రహస్యం చెబుతున్నట్టు తల వంచి నిలబడేది.

ఆవిడ నీళ్ళ శాఖలో వినే మనిషి. జీతం కాగితంలో ఇంకేదో బారెడు పేరు ఉంది గానీ, పని అదే. రోడ్డు కింద ఏ గొట్టానికి ఎక్కడ చిల్లు పడిందో పైనుంచి విని చెప్పాలి. ఆవిడ సుద్దముక్కతో సున్నా చుట్టిన చోటే తవ్వేవాళ్ళు. ముప్పై రెండేళ్ళలో ఆ సున్నా మూరెడు అటూ ఇటూ అయిన రోజులున్నాయి. బారెడు తప్పిన రోజు లేదు.

మొదట ఆవిడ పంపుహౌసు ఊడ్చే మనిషి. ఒకరోజు చీపురు పక్కనపెట్టి, "మూడో మోటారు రేపు ఆగిపోతుంది, దానికి గొంతు పట్టేసింది" అంది. అందరూ నవ్వారు. మర్నాడు మూడో మోటారు ఆగింది. అప్పటి ఫిట్టరు పెద్దాయన, ఒక కొస గొట్టానికి, ఇంకో కొస చెవికి ఆనించి వినే తన వినికిడి కర్ర తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. చెవులమ్మ అనే పేరు పెట్టింది కూడా ఆయనే. అసలు పేరు అప్పటినుంచి హాజరు పుస్తకంలోనే ఉండిపోయింది.

చిల్లు చిన్నదైతే సన్నగా కూస్తుంది. పెరిగితే సుళ్ళు తిరిగే పాటవుతుంది. మరీ పెద్దదైపోతే గొంతు బొంగురుపోయి గొణుగుతుంది. పసిది, వయసుది, ముసలిది. రోజూ విన్నవి నమోదు చేసే పుస్తకంలోనూ అలాగే రాసేది. కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ ఆ పుస్తకం తిరగేసి, "ఇది మన ఆఫీసుదేనా, ఆసుపత్రిదా?" అని అడిగింది.

ఆ తీగా, పిన్నూ ఆవిడకి కొత్తవి కావు. వాళ్ళమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేది. చిన్నప్పుడు బడి వదిలాక అక్కడికి పోయి అమ్మ పక్కన ముక్కాలి పీట మీద కూచునేది. ఎదురుగా గోడంత పలక, దాని నిండా ఇత్తడి రంధ్రాలు. అమ్మ ఒక తీగ లాగి ఒక రంధ్రంలో గుచ్చేది, టిక్. ఎక్కడో ఎవరో "హలో" అనేవాళ్ళు. ఆ బొటనవేలంత పిన్ను ఏళ్ళు గడిచేకొద్దీ సన్నబడి, సన్నబడి, ఫోను అంచున అగ్గిపుల్ల దూరేంత రంధ్రంలోకి వచ్చి చేరింది. గుచ్చినప్పుడల్లా అదే టిక్. ఆ చప్పుడు వింటే అవతల ఎవరో పలుకుతారని ఆవిడకి ఒంట్లోనే తెలిసేది.

ఒకరోజు పాత ఫోను బ్యాటరీ దిండులా ఉబ్బి, అద్దం పైకి లేచిపోయింది. ఆఫీసువాళ్ళు కొత్తది ఇచ్చారు. ఆవిడ దాన్ని తమ్ముడి షాపుకి పట్టుకెళ్ళింది. బిళ్ళకి మైకు అతికించి, తీగలు కలిపి ఆ సరంజామా అంతా చేసిపెట్టింది తమ్ముడే. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు, ఇప్పుడు ఫోన్లు. ఆవిడ కొత్త ఫోన్ని నాలుగు వైపులా తిప్పి చూసింది.

"దీని చెవి ఏదిరా?"

"లేదక్కా. తీసేశారు."

"ఎవరు?"

"చేసినవాళ్ళే. ఇప్పుడు చాలావాటికి ఉండటం లేదు."

"ఏం, అంత అడ్డమొచ్చిందా?"

"పల్చగా ఉండాలంటారు, లోపల చోటు కావాలంటారు, నీళ్ళు దూరకూడదంటారు. తలా ఒకటి చెబుతారు."

"నీళ్ళు దూరకూడదా! ఎవరికి ఇచ్చారో చూసే ఇచ్చారా ఫోను?"

తమ్ముడు నవ్వాడు గానీ, చార్జరు రంధ్రంలో పెట్టే చిన్న తోక ఒకటి తెచ్చి గంటసేపు కుస్తీ పట్టాడు. ఆ తోకలోంచి చెవులు పలికాయి, మైకు మాత్రం పలకలేదు. చివరికి వీడియోలు తీసేవాళ్ళు కాలరుకి తగిలించుకునే తీగ లేని మైకొకటి బిళ్ళకి బిగించి, గింజల్లాంటి తీగ లేని ఇయర్‌ఫోన్లు ఆవిడ అరచేతిలో పోశాడు. "మాట్లాడి చూడు." ఆవిడ దగ్గింది. దగ్గు అద్దంలా తేటగా వినిపించింది. "బాగానే ఉందిరా" అంది.

ఆ వారమే జిరాక్సు షాపు వీధి నుంచి ఫిర్యాదు వచ్చింది. షాపాయన తన నేల మీద మడమతో కొట్టి, "వినండి, డప్పులా మోగుతోంది. పైన మా అమ్మాయి, దాని నెల పిల్ల ఉంటున్నారు" అన్నాడు. మర్నాడు తెల్లవారగానే చెవులమ్మ కొత్త సరంజామాతో వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచింది.

ఏమీ లేదు. వీధిని ఎవరో కడిగి, తుడిచి, ఆరబెట్టినట్టుంది. ముప్పై రెండేళ్ళలో అంత శుభ్రమైన నేలని ఆవిడ ఎప్పుడూ వినలేదు. వెనక్కి తిరిగి ఇంకోసారి నడిచింది. పరికరం మీద అనుమానం వచ్చి "ఒకటి, రెండు, మూడు" అంది. తన గొంతు తనకి చక్కగా వినిపించింది. ఇక అనుమానించడానికి ఏం మిగిలింది? పుస్తకంలో "వీధి బాగుంది" అని రాసి సంతకం పెట్టింది.

మూడోరోజు షాపు నేలలో రెండు రాతి పలకలు కుంగాయి. జిరాక్సు మెషీను ఓ పక్కకి ఒరిగి, లోపలి కాగితాలన్నీ కక్కేసింది. పలక ఎత్తి చూస్తే కింద మట్టి లేదు. తడి చీకటి, చెయ్యి భుజందాకా దిగేంత. పైనున్న అమ్మాయి పిల్లని ఎత్తుకుని మెట్లు దిగి వచ్చేసింది. కిందికొచ్చాక గానీ కాలికి చెప్పుల్లేవని చూసుకోలేదు.

చిల్లు ఎక్కడో తెలియకుండా ఎక్కడ తవ్వినా గోడ నిలవదు. వీధి గొట్టానికి నీళ్ళు కట్టేయించి, ఇంజనీరమ్మ చెవులమ్మని పక్కకి పిలిచింది. గొంతు తగ్గించి, "అమ్మా, ఏమనుకోకండి. నీళ్ళు రెండు రోజులు కట్టి ఉంచగలం. ఒకసారి మీ చెవులు చూపించుకుని రండి" అంది.

కోప్పడి ఉంటే బాగుండేది. ఆ మెత్తదనమే చెవులమ్మ వెంట ఇంటిదాకా వచ్చింది. ఆ పూట వంటింట్లో కుళాయి తిప్పి, కట్టి, మళ్ళీ తిప్పి, వినిపిస్తోందా లేదా అని చాలాసేపు నిలబడింది. వినిపిస్తూనే ఉంది. కానీ నీటి గొంతు మరిచిపోతున్న మనిషికి కూడా కుళాయి వినిపిస్తుంది కదా అనిపించింది. పాత వినికిడి కర్ర గోదాములో చెదలు తిని ఎప్పుడో పొడైపోయింది. అది ఉన్నా, ఇప్పుడు దాన్ని నమ్మాలంటే ముందు తన చెవుల్ని నమ్మాలి.

వినికిడి పరీక్ష గది అలమరంత ఉంది. గోడలకి మెత్తటి దూది పలకలు, మధ్యలో అద్దం, అద్దానికి అవతల పరీక్ష చేసే ఆయన. ఆవిడ కుర్చీలో కూచోబోతూ ఆగిపోయింది. హెడ్‌ఫోన్ల నుంచి రెండు లావుపాటి తీగలు గోడ దగ్గరికి వెళ్ళి, ఇత్తడి అంచున్న రెండు రంధ్రాల్లో గుచ్చి ఉన్నాయి. అమ్మ పలకలో ఒక ముక్క ఎవరో కోసి తెచ్చి ఇక్కడ అతికించినట్టుంది.

"వినిపించినప్పుడల్లా బటన్ నొక్కండమ్మా. ఎంత సన్నగా వినిపించినా సరే."

నొక్కింది. నొక్కుతూనే ఉంది. కాసేపటికి ఆయన తలుపు తీసుకుని లోపలికొచ్చాడు.

"నేను ఆపేసి రెండు నిమిషాలైంది. మీరింకా ఎందుకు నొక్కుతున్నారు?"

"మీది కాదు బాబూ. పైన మీ బాత్రూంలో ఫ్లష్ సరిగ్గా మూసుకోవడం లేదు. కాసేపు కారుతుంది, ఆగుతుంది, మళ్ళీ కారుతుంది."

"పైనంటే... రెండో అంతస్తులోనా?"

"ఏమో, పైన."

ఆయన వెళ్ళి, చొక్కా చెయ్యి మోచేతిదాకా తడిసి తిరిగొచ్చాడు. చెయ్యి దులుపుకుంటూ కుర్చీ లాక్కున్నాడు. "పద్దెనిమిదేళ్ళుగా ఈ గదిలో కూచుంటున్నాను" అన్నాడు. "ఈ గదిలో నిశ్శబ్దం అంటే ఇదే అనుకున్నాను. అందులో అది కూడా కలిసి ఉందన్నమాట." రిపోర్టులో, మరీ సన్నటి శబ్దాల దగ్గర కొంచెం వయసు కనిపిస్తోందని, మిగతా అంతా తాను చూసినవాటిలో ఎన్నదగ్గదని రాసిచ్చాడు.

ఆవిడ అక్కణ్ణించి నేరుగా తమ్ముడి షాపుకి వెళ్ళింది.

"నా చెవులు బాగున్నాయంట. నా దగ్గు వినిపించింది, నా గొంతు వినిపించింది. వీధి ఎందుకు వినిపించలేదురా?"

తమ్ముడు ఇయర్‌ఫోన్ల డబ్బా తీశాడు. మైకు డబ్బా తీశాడు. వెనక ఉన్న చీమల అక్షరాలు చదివాడు. చదివి, స్టూలు మీద కూలబడ్డాడు.

"అక్కా, తప్పు నాది. ఇవి మాట ఉంచి రొద తీసేస్తాయి. ఫ్యాను, గాలి, బస్సు మోత... ఆగకుండా ఒకేలా సాగే చప్పుడు ఏదైనా వీటి లెక్కలో చెత్త."

"నీళ్ళో?"

"ముందు తీసేసేదే దాన్ని."

చెవులమ్మకి వెంటనే కోపం రాలేదు. అబ్బురమే వేసింది. గింజంత వస్తువు, తను ముప్పై రెండేళ్ళు వెతుక్కుంటూ తిరిగినదాన్ని చిటికెలో గుర్తుపట్టి, అంత నేర్పుగా, ఆనవాలు కూడా మిగల్చకుండా ఊడ్చేసింది! "దీనికి ఎంత బాగా తెలుసురా నీళ్ళ గొంతు" అంది. "నాకన్నా బాగా తెలుసు. వినడమొక్కటే తెలీదు."

ఆ తర్వాత కోపం వచ్చింది. "లేవరా. చెవి ఉన్న ఫోను వెతుకు."

చచ్చిపోయిన ఫోన్ల సొరుగు బల్ల మీద బోర్లించారు. ముప్పై, నలభై ఉంటాయి. ఒకటి అద్దం పగిలింది గానీ ప్రాణముంది, రంధ్రమూ ఉంది. పిన్ను మాత్రం దిగలేదు. తమ్ముడు సూదితో తవ్వితే ఎవరెవరి జేబుల్లోంచో వచ్చిన బూడిదరంగు నూగు ఉండగా బయటికొచ్చింది. ఆవిడ పిన్ను అందుకుని తనే గుచ్చింది.

టిక్.

మర్నాడు తెల్లవారుజామున గొట్టానికి మళ్ళీ నీళ్ళు వదిలారు. వీధి మొదట్లో నలుగురు నిలబడ్డారు: జిరాక్సాయన, ఇంజనీరమ్మ, తమ్ముడు, చెవులమ్మ. బిళ్ళ నేలకి ఆనింది. టంగ్.

వచ్చింది. ముందు గాలి హోరు, ఎక్కడో కరెంటు తీగ ఝుమ్మనడం, ఆవిడ సొంత నెత్తురు కొట్టుకోవడం. వాటన్నిటి కింద నీళ్ళు. రోడ్డు కింద, మట్టి కింద, ఎవరూ చూడని చోట, ఒక పొడుగాటి చల్లటి శరీరం అటు తిరిగి పడుకుని ఊపిరి తీస్తున్నట్టు. ఎన్ని వేలసార్లు విన్నా ఆవిడకి ప్రతిసారీ మెడ వెనక జలదరించేది. ఇళ్ళన్నీ, షట్టర్లన్నీ, నిద్రపోతున్న మనుషులంతా దాని వీపు మీద కట్టిన బొమ్మల్లా అనిపించేవి.

రెండడుగులు. టంగ్. రెండడుగులు. టంగ్. జిరాక్సు షాపు ముందు ఆవిడ ఆగలేదు. దాటిపోయింది. పదకొండు అంగల తర్వాత, మూసి ఉన్న టైలరు షాపు ముందు వంగి సుద్దముక్క తీసింది.

"అక్కడంతా పొడిగా ఉంది కదమ్మా?" అంది ఇంజనీరమ్మ.

"పుట్టింది ఇక్కడ మేడమ్. గొట్టం పక్కన పాత కందకం ఏదో ఉంది, దాని వెంట నడిచి వాళ్ళ నేల కిందికి పోయింది."

ఇంజనీరమ్మ సున్నా వంక చూసింది, ఆవిడ ముఖం వంక చూసింది. ఒక పిల్ల, ఒక ఇల్లు ఆ సుద్ద గీత మీద ఆగి ఉన్నాయి. తమ్ముడు ఆ చూపు కనిపెట్టి, సంచిలోంచి రెండో హెడ్‌ఫోన్లు తీసి, వాటి తీగని కూడా అదే పిన్నుకి కలిపాడు. "మీరూ వినండి మేడమ్. ఒక రంధ్రం చాలు, ఇద్దరికి."

ఇంజనీరమ్మ పెట్టుకుంది. ఒక్క క్షణం ఏమీ అర్థంకానట్టు కనుబొమలు ముడిచింది. తర్వాత చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. ఇస్త్రీ చేసిన ఆఫీసు బట్టలతోనే రోడ్డు మీద చతికిలబడి, రెండు చేతులూ నేలకి ఆనించింది.

"ఇదంతా... ఎప్పుడూ ఉంటుందా? మనం నడుస్తున్నప్పుడల్లా?"

"ఎప్పుడూ. ఇది వయసుది మేడమ్, ఏడాదిగా పాడుతున్నట్టుంది."

తవ్వారు. ఛాతీ లోతు దిగాక పార గట్టిదానికి తగిలి, గొట్టం పక్క నుంచి నీళ్ళు వంపు తిరిగి లేచి, అప్పుడే వచ్చిన ఎండలో మెరిసి, తవ్వేవాళ్ళ ముఖాల మీద పడ్డాయి. సుద్ద సున్నాకి అది జానెడు దూరం. జిరాక్సాయన గుంటలోకి వంగి ఆ నీళ్ళ ముందు అరచెయ్యి పట్టుకుని, చాలాసేపు తియ్యలేదు. గోడ కింద ఇసుక నింపి, నేల గట్టిపడ్డాక, పిల్లని ఎత్తుకుని అమ్మాయి మెట్లెక్కింది. ఈసారి చెప్పులు వేసుకుని.

చెవులమ్మ పుస్తకం తీసి, "వీధి బాగుంది" అన్న వరుసని కొట్టెయ్యలేదు. దాని కింద, "నేను వినలేదు" అని రాసి మళ్ళీ సంతకం పెట్టింది.

వచ్చే నెల ఆవిడ ఉద్యోగం పూర్తవుతుంది. ఇంజనీరమ్మ రోజూ తెల్లవారుజామున రెండో తీగతో వెంట నడుస్తోంది, పసిదానికీ వయసుదానికీ తేడా ఇంకా తడబడుతోందట. తమ్ముడు రంధ్రమున్న ఫోను ఏది బాగుకొచ్చినా, "పారేస్తే నాకే పారెయ్యండి" అంటున్నాడు. రేకుడబ్బాలో ఏడు చేరాయి.

ఈ సంగతులు రాసుకోవడానికి వచ్చిన మనిషిని సాగనంపుతూ ఆవిడ గుమ్మం దాకా వచ్చింది. బిళ్ళ గోడకి ఆనించి ఉంది, తీగ మెడలోనే ఉంది. ఇంకేమైనా చెప్పాలా అని అడిగితే తల అడ్డంగా ఊపి, అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు చెయ్యి ఎత్తి ఆపింది.

"ఆ చివరి మెట్టు దగ్గర కొంచెం కుడిపక్కగా నడవండి. ఎడమవైపు నేల కింద ఒకటి మొదలైంది. భయమేం లేదు, ఇంకా పసిది. దానికి మాటలు రాలేదు."