కర్మ చివర వస్తుంది

మెట్ల కింద గదిలో బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడను వీధి వీధంతా మడతక్క అనే పిలుస్తారు. ఆవిడ మడిచిన చొక్కా విప్పాలంటే మనసొప్పదు. కుడి ముంజేతి మీద అరచేయంత మచ్చ ఒకటి ఉంది. ఎవరైనా అడిగితే "గ్రామర్ కాల్చింది" అంటుంది. కొత్తవాళ్ళు నవ్వుతారు. ఆవిడ నవ్వదు.

అంతకుముందు ఆవిడ ఒక పెద్ద హోటల్ లాండ్రీలో పనిచేసేది. కిటికీ లేని గది, పొద్దస్తమానం ఆవిరి, తడి దుప్పట్ల బరువు. పైఅంతస్తుల్లో గదులు సర్దే పని దొరికితే ఈ ఉడుకు తప్పుతుంది. కానీ పైకి వెళ్ళాలంటే నాలుగు ఇంగ్లీషు ముక్కలు రావాలి. అక్కడి మేనేజరుకి ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. పని రాకపోయినా ఫరవాలేదు, మాట రావాలి. ఆ న్యాయం ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ళ నోట్లో మన్ను పడ!

అందుకని ఆవిడ తన అక్క మొగుడి దగ్గర పాఠం మొదలుపెట్టింది. బావ ఏదో ఆఫీసులో టైపిస్టు. ఇంట్లో మాత్రం ఇంగ్లీషుకి తాతలాంటివాడు. భోజనాలయ్యాక నేల మీద గ్లాసు, పళ్ళెం, గరిటె వరసగా పెట్టాడు.

"ఇదిగో మరదలా, గ్లాసు కర్త, పళ్ళెం కర్మ, గరిటె క్రియ. ఇది మన వరస. ఇంగ్లీషోడు గరిటె తీసుకొచ్చి మధ్యలో పెడతాడు. కర్మ చివరికి పోతుంది. అంతే, ఇంతకు మించి ఏం లేదు."

"మన కర్మ మన పక్కనే ఉంటుంది కదా బావా, వాళ్ళది అంత దూరం ఎందుకు పోయింది?"

"దొరలు కదే! కర్మని దూరం పెట్టుకున్నారు."

అక్క కూడా పడీపడీ నవ్వింది. ఇంతకీ అసలు పొరపాటు అక్కడ జరగలేదు, ఆ తర్వాతి ముక్కలో జరిగింది. "నీ గురించేగా నువ్వు చెప్పుకునేది? ప్రతి వాక్యానికీ ముందు 'ఐ' పెట్టెయ్. ఇక తప్పు రమ్మన్నా రాదు" అన్నాడు బావ. మడతక్క ఆ మాటను కొంగున ముడేసుకుంది. ఐ వాష్ షీట్. ఐ ఫోల్డ్ షర్ట్. దుప్పటి మడిచినప్పుడల్లా ఒక వాక్యం. ఆవిడ నేర్చుకున్న వాక్యాలన్నిటికీ ఆవిడే కర్త. బతుకులో ఎప్పుడూ దక్కని హోదా అది, పాపం బాగానే నచ్చింది.

ఒక ఉదయం హోటల్ గదులన్నీ నిండాయి, దుప్పట్లు చాలలేదు. సూపర్‌వైజర్ ఉరుముకుంటూ వచ్చాడు. అతనిదీ ఆవిడలాగే తెలుగే, పరాయివాడు కూడా కాదు. "ఏంటీ నత్తనడక? తప్పుకో!" అని భుజం పట్టుకుని పక్కకి నెట్టాడు. ఆవిడ తూలి, కాగుతున్న ఇస్త్రీ ప్రెస్సు రేకు మీద ముంజెయ్యి ఆన్చింది. చర్మం రేకుకే అంటుకుపోయింది. "తనే జారింది" అన్నాడు సూపర్‌వైజర్ అందరితో.

మేనేజరు ఇద్దర్నీ పిలిపించాడు. దుప్పట్లు లెక్కచూసే పిన్ని గుమ్మం దాకా వచ్చి చెవిలో చెప్పింది.

"రిసెప్షన్లో అమ్మాయికి రెండు భాషలూ వచ్చు. తోడు తీసుకెళ్ళు."

"ఎందుకు పిన్నీ? ఇన్నాళ్ళూ నేర్చుకున్నది దేనికి? నా నోటితో నేనే చెప్తా."

లోపల ఏసీ చలికి కట్టు కట్టిన చెయ్యి సలుపుతోంది. నన్ను నెట్టాడు సూపర్‌వైజర్. ఇంతే కదా చెప్పాల్సింది. ముందు 'ఐ' పెట్టింది. గరిటెను మధ్యలోకి తెచ్చింది. సూపర్‌వైజర్ని చివర కూర్చోబెట్టింది.

"ఐ పుష్డ్ సూపర్‌వైజర్."

మన మాటలో 'నన్ను' అన్నామంటే చాలు, దాన్ని ఎక్కడ పడేసినా దెబ్బ తిన్నది ఎవరో తెలిసిపోతుంది. ఇంగ్లీషుకి ఆ జాలి లేదు. ముందు కూర్చున్నవాడే నేరస్థుడు. మేనేజరు కళ్ళజోడు తీసి, నువ్వా నెట్టింది అన్నట్టు ఆ వాక్యాన్నే మళ్ళీ నెమ్మదిగా అడిగాడు. తన మాట తనకే తిరిగొచ్చేసరికి, అర్థమైందన్నమాట అని ఆవిడ మొహం వెలిగింది.

"యస్ సార్! ఐ పుష్డ్ సూపర్‌వైజర్!"

సూపర్‌వైజర్ నోరు తెరిచాడు. ఆవిడ ఏం చెప్పబోయి ఏం చెప్పిందో ఆ గదిలో తెలిసినవాడు అతనొక్కడే. ఒక్క క్షణం ఆవిడ వంక చూశాడు. నోరు మూసుకున్నాడు.

మర్నాడు ఇక పనిలేదని గేటు దగ్గరే ఆపేశారు. మడతక్క తిన్నగా అక్క ఇంటికి వెళ్ళింది. ఏమన్నావో చెప్పమన్నాడు బావ. చెప్పింది.

"సూపర్‌వైజర్ పుష్డ్ మీ అనాలే తల్లీ!"

"మీ ఏంటి బావా? నెట్టింది నన్నయితే!"

"నన్ను అంటేనే మీ."

"మరి ఆ ముక్క నాకెందుకు చెప్పలేదు?"

మనిషి దెబ్బ తినే వాక్యం ఒకటి ఉంటుందని ఆ పెద్దమనిషికి తట్టలేదు.

దారంతా ఆ వాక్యాన్ని వల్లె వేసుకుంటూ మడతక్క మళ్ళీ హోటలుకి వెళ్ళింది. గేటువాణ్ణి బతిమాలి లోపలికి వెళ్ళి, మేనేజరు ఎదుట నిలబడి, పొల్లు పోకుండా చెప్పింది. సూపర్‌వైజర్ పుష్డ్ మీ.

మేనేజరు కోప్పడలేదు. నిన్న నేనే నెట్టానన్నావు, రెండుసార్లు అడిగినా అదే అన్నావు, ఇవాళ అతనంటున్నావు, ఎవరో నేర్పి పంపారు అన్నాడు. చిన్నచిన్న వాక్యాలు. కర్త ముందు, క్రియ మధ్యలో. ఆవిడకి జీవితంలో మొదటిసారి ఇంగ్లీషు ఒక్క ముక్క కూడా పోకుండా అర్థమైంది.

బావ గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"సరిగ్గా చెప్పావా?"

"చెప్పాను బావా. ఒక్క తప్పు కూడా లేదు."