చీరాలలో అన్నయ్యకు దొరికిన భోజనం

అన్నయ్యకు చీరాల బదిలీ అయి ఆరు నెలలైంది. అంతకు ఏడాది ముందే వదిన పోయింది. ఫోనులో ఎప్పుడడిగినా "తిన్నాలేవే" అనేవాడు. దసరాకు మా ఇంటికొచ్చినప్పుడు చూస్తే చొక్కా మెడ దగ్గర వదులై వేలాడుతోంది. అతని గదికి దగ్గరలో, చవకగా, రోజూ కడుపునిండా తినగలిగే మెస్సు ఒకటి చూసిపెట్టాలని రెండో శనివారం ఉదయం ఏడింటికి ఒంగోలులో పాసింజరెక్కాను. టిక్కెట్టు పన్నెండు రూపాయలు. ఎనిమిదిన్నరకు చీరాలలో దిగేసరికి అన్నయ్య స్టేషన్లో ఉన్నాడు.

స్టేషన్ పక్క మెస్సులో టిఫినుతో మొదలుపెట్టాం. ఇడ్లీ మెత్తగా ఉంది, ప్లేటు ఆరు రూపాయలే. కానీ మనం తింటుండగానే కుర్చీ వెనక ఇంకొకరొచ్చి నిలబడతారు. "ఎలా ఉంది అన్నయ్యా?" అంటే, "బాగుంది" అన్నాడు, సగం ఇడ్లీ వదిలేసి. బజారులో రెండోచోట వంటగది చూస్తానంటే ఒప్పుకోలేదు. దాన్ని అక్కడికక్కడే జాబితాలోంచి కొట్టేశాను.

పన్నెండున్నరకు చీరాలకు ఆనుకునే ఉన్న పేరాలలో నేతపనివాళ్ళ వీధికి వెళ్ళాం. బజారు నుంచి షేర్ ఆటో మనిషికి ఐదు రూపాయలు, అన్నయ్య గది నుంచైతే నడిచే దూరమే. బోర్డు లేదు, వరండాలో నాలుగు బల్లలు. లోపలి గదిలో భర్త మగ్గం నేస్తుంటే భార్య సుబ్బాయమ్మగారు వండి వడ్డిస్తారు. భోజనం ఇరవై రెండు రూపాయలు. నేను ముందే లోపలికెళ్ళి, "మా అన్నయ్యకు కారాలేవీ వద్దండీ, చప్పిడిగా పెట్టండి" అని చెప్పొచ్చాను. బీరకాయ కూర, చారు వడ్డించారు. అన్నయ్య "బాగుంది" అంటూ అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

ఆవిడ గరిటె పట్టుకుని అక్కడే నిలబడింది. "ఏ ఊరండీ అన్నయ్యగారూ మీది?"

"గుంటూరు పక్కన ప్రత్తిపాడమ్మా."

"మిరప చేలల్లో పుట్టినాయనకి చప్పిడి పెట్టమంటారేంటండీ! జ్వరమా ఏమన్నా?" అని నా వంక చూసింది.

"జ్వరం లేదు, ఏం లేదు. మా చెల్లెలికి భయం" అన్నాడు అన్నయ్య.

ఆవిడ పండుమిరపకాయలతో నూరిన కొరివికారం, నెయ్యి, పచ్చి ఉల్లిపాయ తెచ్చి వేసింది. రెండో ముద్దకే అన్నయ్య నుదుట చెమట పట్టింది. కంగారుగా నీళ్ళ గ్లాసు జరిపాను. పక్కకు నెట్టేశాడు. "మారు అన్నం పెట్టమ్మా" అన్నాడు.

లోపల మగ్గం ఆగింది. "ఏమేవ్, నాకేమైనా మిగులుస్తున్నావా లేదా?" అని కేక. అన్నయ్య పెద్దగా నవ్వాడు.

నాలుగింటి రైల్లో తిరిగొస్తూ ఆలోచించాను. వదిన పోయిన రోజు నుంచి అతనికి నేను పంపిన డబ్బాలన్నీ చప్పిడి కూరలే. పథ్యమని ఏ డాక్టరూ చెప్పలేదు. దుఃఖంలో ఉన్నవాడికి కారం పడదని నాకు నేనే అనుకున్నాను. అతనూ వద్దనలేదు, బాగుందనే అన్నాడు. సోమవారం నుంచి పేరాలలోనే తింటున్నాడు.

మీరు వెళితే ఒంటిగంటలోపే చేరండి, ఆ తర్వాత కొరివికారం మిగలదు. తినే మనిషిని అడక్కుండా మాత్రం కారం తగ్గించమని చెప్పకండి.