వసంత నడిచి గీసిన దారి

మొన్న కనకమ్మ సత్రం కూడలిలో బస్సు దిగి, ఖాళీ పూలబుట్ట చంకన పెట్టుకుని రోడ్డు దాటుతున్నాను. పక్కన పచ్చచొక్కా మనిషి ఒకడు అరచేతిలో పట్టేంత మిషను ఆకాశం వైపు ఎత్తి నిలబడ్డాడు. అది కీచుమని ఒకసారి కూసింది. ఆ కూత నాకు బాగా తెలుసు. పైన తిరిగే ఉపగ్రహాలు దొరికాయని ఆ జీపీఎస్ మిషను చెప్పే కబురది. మా వాకిట్లో నెలల తరబడి విన్నాను. అది వింటే వసంత గుర్తుకొస్తుంది. వసంత గుర్తుకొస్తే మావాళ్లు ఆమె పట్ల నడుచుకున్న తీరు గుర్తుకొస్తుంది. ఇక ఆ పూటంతా ఎవరితోనూ నెమ్మదిగా మాట్లాడలేను.

మీరు వసంతను చూసి ఉండరు. కవరైపేట్టై ఊరి పిల్ల. పొట్టి మనిషి, పెద్ద గొంతు, మగవాళ్లను దాటిపోయే నడక. మా పొలాల మీదుగా బైపాసు రోడ్డు వస్తుందని తేలినప్పుడు, పటాలు తయారుచేసే కాంట్రాక్టు ఆఫీసొకటి ఆమెను మా ఊరికి పంపింది. మా ముందుగదిలో దిగింది. పాత గ్రామపటాన్ని కంప్యూటరులోకి ఎక్కించడం, దాని మీద దారులు, కాలువలు, బావులు గీసి పేర్లు రాయడం, ఆ పటాన్ని చేతి మిషనులోకి దించడం, ఇదీ ఆమె పని. తర్వాత రోడ్డువాళ్లు ఆ మిషను పట్టుకుని వస్తారు. అందులో దారి కనిపించిన చోట రోడ్డు కింద సొరంగం వదులుతారు. కనిపించని చోట మట్టికట్ట పోసుకుంటూ పోతారు. అవతల నీ తోట ఉన్నా, నీ పశువు ఉన్నా వాళ్లకు పట్టదు.

మొదటి రోజే మా ఇద్దరికీ పడలేదు. ఆమె బయట ఉంది, గదిలో ఫ్యాను తిరుగుతోంది.

“అమ్మాయీ, గదిలో మనిషి లేదు. ఫ్యాను ఎవురికి తిరగతా ఉండాది?” అన్నాను.

“కంప్యూటరుకి అవ్వా. వేడెక్కితే నాకంటే ఎక్కువ అరుస్తాది.”

“నీకంటేనా? అయితే తిరగనీ.”

మిషనులో అయిపోయిన బ్యాటరీలను ఆమె చెత్తలో వేస్తే ఏరి తెచ్చి గోడగడియారంలో వేశాను. ఇంకా చాలాకాలం లాగాయి. అది చూసి పడీపడీ నవ్వింది. ఆ తర్వాత ఏ వస్తువైనా పారేసే ముందు నాకు చూపించేది.

నా చదువు మూడో తరగతి వరకే. అరవసీమలోని మా ఊళ్లో ఇంకా తెలుగు బడి ఉన్న రోజుల సంగతి అది. అయినా పక్కన కూర్చోబెట్టుకుని చూపించేది. కంప్యూటరులో పాత పటం వంకరగా ఉండేది. “సర్వే రాళ్లు యాడుండాయో నేను పోయి నిలబడి చూసుకుని వచ్చినాను అవ్వా. పటంలో ఉండే రాయిని నిజం రాయి మీద కూర్చోబెట్టాల. మూలలు కుదిరితే మిగతాదంతా తనే సర్దుకుంటాది” అనేది. చీరకు ఫాల్ కుట్టేముందు గుండుసూదులు గుచ్చుకోవడం లాంటిదే కదా అని నాకు తోచింది. అంతమాత్రం పని నాకూ అర్థమైంది.

ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది. “అవ్వా, మీ మల్లెతోట కాడ బావి పాడుబడిందా?”

“ఎవురు చెప్పినారు? పొద్దున్నే కదా మోటారు వేసి వచ్చినాను!”

“పటంలో అట్లా రాసిపెట్టినారే.”

అప్పుడు బయటపడింది. వసంతకు ముందు ఒకడు వచ్చాడు. పొలంలో కాలు పెట్టలేదు. కూడలిలో టీకొట్టు బెంచీ మీద కూర్చుని మా మగవాళ్లను అడిగి దారులు గీసుకుని పోయాడు. అక్కడ మాట చెప్పిన పెద్దమనిషి నా చిన్నమరిది దేవరాజు. మా తోటకు పోయే దారి అతని పొలం మధ్యగా పోతుంది. ఆ దారి లేకపోతే పొలం మొత్తం ప్లాట్లుగా అమ్ముకోవచ్చని ఒక బ్రోకరు ఆశ పెట్టాడు. అందుకని బావి పాడుబడింది, అటు ఎవరూ పోరు అని చెప్పేశాడు. నా భర్త పోయాక ఆ బావీ ఆ మల్లెతోటా నాకు అన్నం పెడుతున్నాయని అతనికి తెలుసు. తెలిసే చెప్పాడు.

వసంత అప్పటికప్పుడు ఆఫీసుకు ఫోను చేసింది. “సార్, టీకొట్టులో కూర్చుని గీసినదాన్ని నేను మిషనులోకి ఎక్కించను. నడిచి గీస్తాను” అని అరిచింది. ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. “మగోళ్లు చెప్పింది చాలంట అవ్వా. రేపు నువ్వు పూలకు పోతావు కదా, నన్ను లేపు. దారికి రెండు కొసల్లో పేరుండే చోటు ఉండాల. పేరు లేని బావిని పాడుబావి కింద కొట్టేస్తారు.”

మరునాడు తెల్లవారాక పూలు కోసేవాళ్లమంతా ఆమెతో బయలుదేరాం. మగవాళ్లు బండ్ల మీద తారురోడ్డున చుట్టి వస్తారు. ఆ కాలిదారి ఆడవాళ్లది. మా వైపు బావికి తవ్వించినవాడి పేరే ఉంటుంది. ఆ ఇంటి కోడలు మామ పేరు గానీ మొగుడి పేరు గానీ నోటితో చెప్పదు. మొదటి బావి దగ్గర పేరడిగితే కుప్పమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నేను చెప్పకూడదు పాపా. సరోజ చెప్తాది.”

“పెద్దబ్బ బావి!” అని సరోజ పెద్దగా అరిచింది.

రెండో బావి దగ్గర సరోజ మూగదైంది, కుప్పమ్మకు నోరొచ్చింది.

“ఏందమ్మా ఇది! పక్కింటోళ్లు లేకుంటే మీ మొగుళ్లు యాడుండారో కూడా చెప్పలేరా?” అంది వసంత.

“యాడుండారో చెప్తాం. టీకొట్టులోనే! పేరు మాత్రం చెప్పం” అంది సరోజ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మా బావి చేరేసరికి సరోజ తన తోటకు మళ్లిపోయింది. మిగిలినవాళ్లమంతా ఒకే వంశం కోడళ్లం. మా మామగారిది తిరుత్తణి స్వామి పేరు, మొక్కుకుంటే పుట్టినవాడు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి తిరుత్తణి కొండ ఎక్కుతున్నాను. చుట్టూ జనం ఆ పేరు ఎలుగెత్తి పిలుస్తుంటే నేను “స్వామీ” అని మాత్రమే అనేదాన్ని.

“చెప్పు అవ్వా” అంది వసంత.

“దేవరాజును అడిగి రాసుకో.”

“ఆయనే కదా పాడుబడిందని చెప్పినాడు!”

“వెనక్కి పోయినాక ఎవురన్నా చెప్తారులే.”

ఆమె ముఖం ఎర్రబడింది. “దినమూ ఈ నీళ్లు పారించేది నువ్వు. ఈ దారి అరగదీసింది నీ కాళ్లు. పేరు చెప్పేదానికి మాత్రం వాళ్లు రావాల్నా? రాకపోతే? మట్టి పోసినాక ఆ కట్ట ముందర సిగ్గుపడతా నిలబడతావా?”

మా అత్త పోయాక నా మీద అలా అరిచినవాళ్లు లేరు. ఒళ్లు మండిపోయింది.

“రాసుకో! మురుగయ్య! మురుగయ్య బావి! చాలునా?”

కుప్పమ్మ చెంపలు వేసుకుంది. వసంత నవ్వలేదు, మెచ్చుకోలేదు. “చాలు” అని పేరు ఎక్కించుకుంది. అప్పటిదాకా నేను కోపాన్ని కోడళ్ల మీదా మనవళ్ల మీదా ఖర్చుపెట్టేదాన్ని. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆ బావిగట్టున ఆమె నేర్పింది.

సాయంత్రం కాకముందే దేవరాజు వాకిట్లోకి వచ్చాడు.

“ఏం వదినా, మా నాయన పేరు ఎత్తినావంట? సిగ్గు లేదా?”

“ఉండాది. మీ నాయన తవ్విన బావిని పాడుబడిందని చెప్పింది నువ్వు. ముందు నీ సిగ్గు సంగతి చూసుకో.”

“ఊరోళ్లు నవ్వుతారు.”

“నవ్వనీ. నవ్వేసి పొలానికి ఏ దారిన పోతారో అడుగు.”

వచ్చిన మనిషికి మంచినీళ్లివ్వకుండా పంపడం నా ఎరుకలో అదొక్కసారే.

ఆ దారి చెరిపేయమని ఆఫీసు నుంచి వసంతకు కబురొచ్చింది. ఎవరు ఎవరితో చెప్పించారో నాకు తెలియదు, ఊహించగలను. ఆమె చెరపలేదు. పటాన్ని ఉన్నదున్నట్టుగా మిషనులోకి దించి అప్పగించింది. వాళ్లు ఆమెను పనిలోంచి తీసేశారు. సంచీ సర్దుకుంటూ, “రోడ్డు మీద ఊరోళ్ల అభ్యంతరాలు వినేదానికి తిరుత్తణిలో విచారణ పెడతారు అవ్వా. నువ్వే పో. నీ బదులు ఎవురినీ పంపొద్దు” అంది. బస్టాపు దాకా నేనూ కుప్పమ్మా సరోజా వెళ్లాం. ఏ దారి కోసం ఆ పిల్ల పని పోగొట్టుకుందో, ఆ దారిన పొలాలున్నవాళ్లలో ఒక్క మగవాడూ టీకొట్టు బెంచీ మీద నుంచి లేవలేదు. తర్వాత ఆమె ఫోను మోగడం మానేసింది. ఎక్కడుందో తెలియదు.

విచారణకు వెళ్లాను. అధికారి బావి ఎవరిదని దేవరాజు వైపు చూసి అడిగాడు. అతను నోరు తెరిచేలోపు నేను లేచాను. “మురుగయ్యది. నా మామ. నీళ్లుండాయి. నేను దినమూ పోతా ఉండాను. ఈ దేవరాజు పోడు, ఈయన్ని అడగొద్దు” అన్నాను. తర్వాత రోడ్డువాళ్లు మిషను పట్టుకుని వచ్చారు. వసంత గీసిన గీత వాళ్లను తిన్నగా మా బావిగట్టుకు తెచ్చి నిలబెట్టింది. తొంగిచూస్తే నీళ్లు. సొరంగం వదిలారు.

బ్రోకరు మళ్లీ రాలేదు. దేవరాజు ఇప్పుడు ఆ సొరంగంలోంచే ట్రాక్టరు తోలుకుని పొలానికి పోతాడు. “మేమంతా పోరాడి తెచ్చుకున్నాం” అని టీకొట్టులో చెప్పుకుంటాడు. ఒకసారి అక్కడే నిలబడి వసంత పేరు చెప్పాను. “ఎవురా పిల్ల?” అన్నాడొకడు.

“ఇంక వదిలెయ్ అత్తా, బీపీ పెరగతాది” అంటుంది నా కోడలు. వదలను. పనికొచ్చేదాన్ని పారేసే అలవాటు నాకు లేదు. తెల్లవారి పూలకు పోయేటప్పుడు ఆ సొరంగంలో వెనక నుంచి దేవరాజు ట్రాక్టరు హారను మోగుతుంది. గోడల మధ్య అది చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. నేను పక్కకు జరగను. బుట్ట నెత్తిన పెట్టుకుని దారి నడిమధ్యన నడుస్తాను, నా నడక నడుస్తాను. వెనక అతను గేరు తగ్గించుకుని, ఆ చివరిదాకా మెల్లగా రావలసిందే.