వలలో దొరికిన ముల్లు

ఐదేళ్లు ఒక ముల్లును దాచుకుని బతికాను. మాటవరసకు అనడం లేదు, నిజంగానే ముల్లు. పలాసలో నా టైలరింగ్ షాపులో హుక్కులూ గుండీలూ వేసుకునే డబ్బా అడుగున, కాగితంలో చుట్టి ఉండేది. పారేద్దామని ఎన్నిసార్లు తీశానో. పారేస్తే తప్పు కూడా పోతుందనా? మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది వజ్రపుకొత్తూరు వైపు ఒక పల్లె. నాన్న చిన్నప్పుడే పోతే, నన్ను పెంచింది చిన్నాన్న. సముద్రం మీద వేట ఆయనది. కుట్టు నేర్పించి, మొదటి మిషను కొనిచ్చి, పెళ్లి చేసి పలాస పంపాడు. ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను ద్రోహం చేసింది ఎవరికో మీకు తెలియాలి.

షాపు పెట్టిన కొత్తలో, జాకెట్ల కోసం వచ్చే ఆడవాళ్ల పిల్లలు కుదురుగా కూర్చుంటారని ఒక అక్వేరియం కొన్నాను. అద్దానికి పట్టే పాచి తింటాయని, రంగు చేపలతో పాటు రెండు నల్ల చేపలు కూడా అంటగట్టాడు అమ్మినవాడు. అప్పుడు వేలెడంత ఉండేవి. మూతి అద్దానికి అంటించుకుని వేలాడుతుంటే పిల్లలకు ఒకటే నవ్వు. ఏడాదిన్నర తిరిగేసరికి జానెడు దాటాయి. ఒళ్లంతా పెంకు, రెక్కలకు గరుకు ముళ్లు. రంగు చేపల ఒంటికి అతుక్కుని, పుళ్లు చేసి చంపాయి. కొట్టువాడు వెనక్కి తీసుకోనన్నాడు. చంపేద్దామంటే కార్తీక మాసం. మా అత్తారింట్లో ఆ నెలంతా నీసు ముట్టరు. చీమను కూడా తొక్కకూడదంటుంది అత్త.

అప్పుడు నాకో గొప్ప ఆలోచన వచ్చింది. పోలి పాడ్యమికి పుట్టింటికి వెళ్లాను. ఆ రోజు తెల్లవారుతుండగా ఆడవాళ్లందరం ఊరి చెరువులో అరటి దొప్పల మీద దీపాలు వదులుతాం. నేను దీపంతో పాటు పెయింటు బకెట్టులో తెచ్చిన రెండు చేపల్నీ వదిలాను. తీసేటప్పుడు ఒకదాని ముల్లు బొటనవేల్లో దిగింది. ఆ వేలు చీకుతూనే, రెండు ప్రాణాలు నిలబెట్టానని తృప్తిపడ్డాను. తర్వాత దండం కూడా పెట్టుకున్నాను. ఆ దండం గుర్తొస్తే ఇప్పుడు ఒళ్లంతా కుంచించుకుపోతుంది.

రెండేళ్లకు చిన్నాన్న కిడ్నీలు పాడయ్యాయి. మా వైపు అదేం వింత కాదు, ఏ వీధిలో అడిగినా ఒకరుంటారు. డయాలసిస్‌కు పలాస వచ్చి వెళ్లేవాడు. సముద్రం మానేశాడు. ఇక మిగిలింది ఊరి చెరువే. సాయంత్రం నీళ్లలో వల కట్టి, పొద్దున్నే తీసేవాడు. ఆ వల ఆయన సొంతంగా అల్లుకున్నది. ఓపిక లేని రోజుల్లో పక్కలో పెట్టుకుని మరీ అల్లాడు.

పిన్నికి ఒక అన్న ఉన్నాడు, నాకు మావ. చిన్నాన్నా ఆయనా పాతికేళ్లు ఒకే పడవ మీద వేటకు వెళ్లారు. ఎండాకాలం సముద్రంలో వేట ఆపే రోజుల్లో మావ కూడా చెరువులోనే వల కట్టేవాడు. ఒక ఏడు, తూము దగ్గరి లోతులో ఎవరు కట్టాలని ఇద్దరికీ మాటామాటా వచ్చింది. మర్నాడు పొద్దున్న చిన్నాన్న వల చిల్లులు చిల్లులుగా బయటికొచ్చింది.

నేనా రోజు ఊళ్లోనే ఉన్నాను. చిన్నాన్న అరుగు మీద కూర్చుని, వల మోకాళ్ల మీద పరుచుకుని, నన్ను పిలిచాడు.

"నాకు కళ్లు మసకలమ్మా. నువ్వు రోజూ కత్తెర పట్టినదానివి. సూసి సెప్పు. ఇది కోతా, సిరుగా?"

వల చేతిలోకి తీసుకున్నాను. తెగిన పోగుల కొనలు సాగి, మెలిపడి ఉన్నాయి. నా దగ్గర నిన్న చేరిన పిల్లయినా చిరుగని చెబుతుంది. ఒక ముడిలో నల్లటి ముల్లు విరిగి ఇరుక్కుని ఉంది. నా కళ్లకంటే ముందు నా బొటనవేలు దాన్ని గుర్తుపట్టింది.

"మన సెరువులో ఇలగ సింపీసీ సేప ఏటుందే? బావే కోసీసినాడంటావా?"

ముల్లు ఊడదీసి పిడికిట్లో దాచుకున్నాను.

"కోతే, సిన్నాన్నా" అన్నాను.

అంతే. ఆ ఒక్క మాటే. నేను మావ పేరెత్తలేదు కదా అని నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఆ చేపలు నావేనని ఏమిటి గ్యారంటీ, ఇంకెవరైనా వదిలి ఉండొచ్చు కదా అని కూడా అనుకున్నాను. ఉండొచ్చు. అయితే మరి ముల్లు ఎందుకు దాచినట్టు? ఊరంతా నన్ను తిడుతుందని భయపడ్డాను. మిషను కొనిచ్చిన మనిషి తన వల గురించి అడిగితే, నా పరువు చూసుకున్నాను.

చిన్నాన్న మావతో మాట్లాడటం మానేశాడు. రెండేళ్ల తర్వాత పోయాడు. మావ తువ్వాలు భుజాన వేసుకుని పాడె పట్టడానికి వచ్చాడు. "ఆడు నా పాడె ముట్టకూడదు" అని చిన్నాన్న ముందే చెప్పి ఉంచాడట. చిన్నాన్న కొడుకు మావకు అడ్డం నిలబడ్డాడు. మావ వెనక్కి తిరిగాడు. జీడితోటలోకి వెళ్లి, చితి పొగ ఆగేదాకా అక్కడే నిలబడ్డాడు. నేను ఆడవాళ్ల మధ్య కూర్చుని ఏడ్చాను. పాపం, పెంచిన బాబాయి కదా అని అందరూ నన్ను ఓదార్చారు.

పోయిన ఎండాకాలం చెరువు అడుగంటింది. బురద నిండా అవే. గట్టు పొడవునా అవి తొలిచిన బొరియలు. ఏటా వదిలే బొచ్చె చేప పిల్లలు ఏమైపోతున్నాయో అప్పుడర్థమైంది జనానికి. వాటిని కోసేవాళ్లూ లేరు, తినేవాళ్లూ లేరు. గట్టు మీద విసిరేస్తే పొద్దుగూకే వేళకు కూడా ఇంకా కదులుతున్నాయి. "ఎవడో ఎదవ తెచ్చి ఒగ్గీసినాడు" అన్నారు. నేనూ తలూపాను. చిన్నాన్న వల చింపినవి ఇవేనని అందరికీ తెలిసిపోయింది, ఆయనకు తప్ప.

మొన్న మావ షాపుకొచ్చాడు. చొక్కా భుజం దగ్గర చిరిగిందట, కుట్టమన్నాడు. నేను ఆ చిరుగు కొనలు వేళ్లతో తడిమాను. తర్వాత డబ్బా అడుగునుంచి ముల్లు తీసి ఆయన చేతిలో పెట్టాను. అంతా చెప్పాను. చేపలు తెచ్చింది నేనేనని, ముల్లు ఆ పొద్దునే చూశానని, చూసి కూడా కోత అన్నానని.

ఆయన ముల్లును అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"బావకి తెలుసేటి?"

"తెల్దు మావా."

ముల్లు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. చొక్కా కుట్టి ఉంచాను. ఇంకా రాలేదు. వస్తాడో రాడో. క్షమించమని నేను అడగలేదు. అడిగే మొహం లేదు.

పిన్నికి చెప్పాలి. ఊరికి చెప్పాలి. అక్కడ చెప్పగలనో లేదో, అందుకే ముందు ఇక్కడ రాసి పెడుతున్నాను. ఆ వల ఎవరూ కొయ్యలేదు. అది చిరుగు, చిన్నాన్నా. నాకు ఆ రోజే తెలుసు.