చీమ తల్లి ఆగిన చోట

నా చిన్నప్పుడు నాకు పాట నేర్పింది మా అమ్మ. నేర్పుతున్నానని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. ఆడుకుందాం రమ్మనేది, అంతే. ఈమధ్య మా మనవరాలి స్కూల్లో పిల్లలకు కథలు చెప్పి, గెంతులు వేయించి సంగీతం నేర్పుతున్నారని కోడలు గొప్పగా చెబితే చూద్దామని వెళ్ళాను. టీచరమ్మ కుందేలులా గెంతుతుంటే పిల్లలంతా ఆమె వెనకాలే గెంతుతూ పాడుతున్నారు. ఇదేదో కొత్తగా కనిపెట్టినట్టు తల్లిదండ్రులు ఒకటే చప్పట్లు. నాకు మాత్రం కళ్ళనీళ్ళు ఆగలేదు. కోడలు చూస్తుందని కొంగు అడ్డం పెట్టుకున్నాను.

మాది పిడుగురాళ్ల పక్కన ఊరు. ఎటు చూసినా సున్నపు బట్టీలే. అమ్మా నాన్నా ఇద్దరూ బట్టీ పనికే వెళ్ళేవారు. అమ్మ రాళ్ళ తట్ట నెత్తిన పెట్టుకుని బట్టీ మీదికి ఎక్కి పోసి వచ్చేది. సాయంత్రం ఇంటికి చేరేసరికి ఆమె కనురెప్పల మీద కూడా సున్నమే. తమ్ముడు కడుపులో ఉన్నప్పుడే దగ్గు పట్టుకుంది, దాని వెనకే ఆయాసం. వాడు పుట్టాక ఇంక తట్ట మోయలేక ఇంటి పట్టున ఉండిపోయింది. తను ఎక్కువ కాలం బతకనని అమ్మకు తెలుసు. నానమ్మకూ తెలుసు. నాకే తెలియదు. బడి నుంచి వచ్చేసరికి అమ్మ ఇంట్లో కనబడుతోందని నాకు ఒకటే సంబరం.

తమ్ముడు మహా మొండిఘటం. ఎవరు జోకొట్టినా పడుకునేవాడు కాదు. అమ్మ ఆ ఒక్క పాట అందుకుంటేనే కళ్ళు మూసేవాడు.

గింజ నెత్తికెత్తుకుంది చీమ తల్లి,
గుట్ట మీదికెక్కుతోంది చీమ తల్లి,
పిల్లోడు నిద్దరోతే దిగొచ్చుద్ది తల్లి.

పాట ఇంతే. దీన్నే తిప్పి తిప్పి పాడేది. ఎవరి దగ్గర నేర్చుకుందో, తనే కట్టుకుందో నాకు తెలియదు.

ఒకరోజు నన్ను ఇంటి వెనక రాళ్ళ కుప్ప దగ్గరికి తీసుకెళ్ళి, నెత్తిన ఖాళీ గంప పెట్టి, నువ్వే చీమవి అంది. తను మంచం వాల్చుకుని కూర్చుంది. తన గొంతు పైకి వెళితే నేను కుప్ప ఎక్కాలి, కిందికి దిగితే నేనూ దిగాలి. ఒక మాటకు ఒక అడుగు. మధ్యలో పరిగెత్తితే చీమ గింజ పారబోసుకున్నట్టు లెక్క, మళ్ళీ మొదటికి రావాలి. అలా ఆ పాట ముందు నా కాళ్ళకు వచ్చింది. గొంతుకు తర్వాత వచ్చింది.

రెండో వరుసలో 'గుట్ట మీదికి' అనగానే అమ్మ ఆగిపోయేది. నేను కుప్ప సగంలో నిలబడి చూసేదాన్ని.

"ఎందుకాగావమ్మా?" అని అడిగాను.

"చీమకి బరువు గదే. ఆయాసమొచ్చి నిలబడింది. నువ్వు గూడా నిలబడు."

"ఎంతసేపు?"

"దానికి ఊపిరి తిరిగిందాక. తొందరేంది నీకు?"

నేను నడుం మీద చెయ్యి పెట్టుకుని, చీమకు ఊపిరి తిరిగేదాకా నిలబడేదాన్ని. ఆ ఆగడమంటే నాకు భలే ఇష్టంగా ఉండేది. ఆటలో నిజంగా చీమనైపోయేది అక్కడే.

తర్వాత ఆట మారింది. అమ్మ చాప మీద పడుకుని, నేను పిల్లోణ్ణి, నువ్వు అమ్మవి అనేది. కాళ్ళు టపటపా కొట్టుకుని ఏడ్చేది, నా జడ పట్టుకుని లాగేది. నేను నవ్వు ఆపుకుంటూ జోకొట్టి పాడాలి. కాస్త తొందరపడ్డానా, ఒక కన్ను తెరిచి "నేను లేచా!" అనేది. నేను ఉడుక్కునేదాన్ని. ఆ పట్టు కూడా వచ్చాక చీర ఉయ్యాల తాడు నా చేతికిచ్చింది. 'తల్లి' అన్నప్పుడల్లా తాడు లాగాలి, చీమ ఆగిన చోట తాడు బిగబట్టి ఉయ్యాల ఆపాలి. తమ్ముడు నా పాటకు మొదటిసారి నిద్రపోయిన మధ్యాహ్నం అమ్మ నా రెండు బుగ్గలూ పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆటలో గెలిచానని మెచ్చుకుంటోందనుకున్నాను.

కొన్నాళ్ళకు అమ్మను గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. బస్సు ఎక్కే ముందు నన్ను దగ్గరికి పిలిచి, "ఆట మర్చిపోమాకే. నేనొచ్చిందాక వాడు నీ పిల్లోడు" అంది. అమ్మ తిరిగి నడిచి రాలేదు. తీసుకొచ్చి ఊరి బయట సమాధుల తోటలో పెట్టారు.

ఆ మర్నాటి నుంచి తమ్ముడి ఏడుపు వినడం ఎవరి తరమూ కాలేదు. పాస్టరమ్మ వచ్చి ప్రార్థన చేసి, భుజాన వేసుకుని ఎన్ని పాటలు పాడినా వాడు గుక్క ఆపలేదు. చివరికి నానమ్మ వాణ్ణి ఉయ్యాలలో వేసి, తాడు లాగుతూ అమ్మ పాటే అందుకుంది. ఆ పాట ఆమెకూ వచ్చు. చక్కని గొంతు, ఎక్కడా తడబడకుండా గుట్ట ఎక్కి దిగింది. వాడు ఇంకా ఎక్కువ ఏడ్చాడు.

నేను లేచి ఆమె చేతిలోంచి తాడు తీసుకున్నాను. పాడాను. 'గుట్ట మీదికి' అని తాడు బిగబట్టి ఆగాను. వాడు ఏడుపు ఆపి చూశాడు. చీమకు ఊపిరి తిరిగేంతసేపు చూసి, నేను మళ్ళీ అందుకోగానే ఒక పెద్ద ఎక్కిలి తీసి కళ్ళు మూసుకున్నాడు. నానమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుని గోడవారకు జరిగింది.

"నువ్వు ఆగలేదు నానమ్మా, చీమ ఆగాలి. అందుకే వాడు పడుకోలేదు" అన్నాను.

"అది పాటలో లేదే తల్లీ," అంది నానమ్మ. "మీ అమ్మకి ఊపిరందక ఆగేది."

నాకు అప్పుడు అర్థమైంది. తమ్ముడు పుట్టిన దగ్గర్నుంచి విన్నది ఆ ఆగే పాటే. ఆగకపోతే వాడికి అది అమ్మ పాట కాదు. ఆ సంగతి అమ్మకు తెలుసు. అందుకే తన ఆయాసాన్ని చీమకు పెట్టి, నేను భయపడకుండా, నవ్వుతూ నేర్చుకునేలా చేసింది. తను పోయాక పిల్లాడు ఎలా పడుకుంటాడా అని అంత దిగులు మోస్తూ, నా జడ లాగి ఏడుపు నటించింది.

తర్వాత కొన్ని రోజులు నేను ఆగకుండా పాడాలని చూశాను. ఆగకపోతే అమ్మకు ఆయాసం లేనట్టే కదా, ఆసుపత్రికి వెళ్ళే పనే లేనట్టు కదా అని నా పిచ్చి. వాడు పడుకోలేదు. వాడి కోసం మళ్ళీ ఆగక తప్పలేదు. ఆగిన ప్రతిసారీ అమ్మ ఊపిరి కోసం పెనుగులాడుతున్నట్టే ఉండేది. అలాగే పాడాను. వాణ్ణి పెంచింది ఆ పాటే.

స్కూల్లో చూసి వచ్చిన సంగతి తమ్ముడికి ఫోన్లో చెప్పాను. దాచేపల్లి సిమెంటు లారీలు తోలి తోలి వాడూ ముసలివాడయ్యాడు. అంతా విని, "అక్కా, అమ్మ గొంతు ఎట్టుండేది?" అని అడిగాడు.

పాడి వినిపించాను.

"అది నీ గొంతు గదక్కా. నేను అమ్మది అడుగుతున్నా. సన్నగా ఉండేదా, బొంగురుగానా?"

మాకు అమ్మ ఫోటో కూడా లేదు. వాడికి చెప్పగల మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను. కళ్ళు మూసుకుని ఎంత వెతికినా నాకు వినిపించేది నా గొంతే. తమ్ముడికి, నా పిల్లలకు, వాళ్ళ పిల్లలకు నేను పాడి పాడి అమ్మ గొంతు చెరిగిపోయింది. సన్నగా ఉండేదిరా అని అబద్ధం చెప్పాను. "నేనూ అట్టనే అనుకున్నానక్కా" అన్నాడు, సంతోషంగా.

పాట నా దగ్గర ఒక్క మాట పోకుండా ఉంది. మనవరాలికి మేడ మెట్ల మీద నేర్పుతున్నాను. చీమ ఎందుకు ఆగుతుందని అదీ అడిగింది, నేనూ బరువనే చెప్పాను. ఇంత వయసొచ్చి, ఇంతమందిని నిద్రపుచ్చి, ఇప్పుడు అడిగితే నవ్వుతారేమో గాని, నాకు మా అమ్మ గొంతు కావాలి. ఒక్కసారి వింటే చాలు.