పసిఫిక్ మీద కుట్టున్న పటం

భవానీపురంలోని మా ఇంట్లో ఇనుప బీరువా తలుపు తీయగానే ముందు కలరా ఉండల వాసన వస్తుంది. దాని వెనకే పాత గుడ్డకు పట్టిన జిగురు వాసన వస్తుంది. ఆ రెండోది ఒక ప్రపంచ పటానిది. చెమ్మ పట్టకుండా దాన్ని నెలకోసారి విప్పి, గంటసేపు ఆరబెట్టి, మళ్లీ చుట్టి పెట్టడం నా నియమం. మొన్న విప్పినప్పుడు ఆ వాసన ఎప్పటికంటె ఘాటుగా తగిలింది. ఆ పటం నాకిచ్చిన జ్ఞానరత్నమ్మగారి గురించి రాయవలసినది ఇన్నేళ్లు వాయిదా వేశానని అప్పుడు తోచింది. ఆవిడ గురించి రాయాలంటే నా తప్పు ఒకటి చెప్పక తప్పదు. ఆలస్యానికి కారణం అదే.

డెబ్భైల మొదట్లో నేను విజయవాడలో ఒక ప్రైవేటు కళాశాలలో చరిత్ర బోధించే తాత్కాలిక ఉపన్యాసకుణ్ణి. జ్ఞానరత్నమ్మగారు మా శాఖాధిపతి. పామర్రు దగ్గర పొలం పనులు చేసుకునే క్రైస్తవ కుటుంబంలో పుట్టి, అక్కడి అమెరికన్ మిషన్ బడిలో పదేళ్లు పంతులమ్మగా పనిచేస్తూ ప్రైవేటుగా పరీక్షలు రాసి, ఆ స్థానానికి వచ్చారు. గంట మోగేసరికి ఆవిడ గడపలో ఉండేవారు. తరగతిలో కుర్చీ ఉన్నా పాఠం చెబుతూ ఎన్నడూ కూర్చోలేదు. బి.ఏ. ఆఖరి సంవత్సరానికి ఆధునిక అమెరికా చరిత్ర పాఠ్యాంశంగా ఉండేది. అందులో కొన్ని పీరియడ్లు ఆవిడవి, కొన్ని నావి.

ఆ పాఠం కోసం ఆవిడ ఒక పటం తయారు చేయించారు. కళాశాల పనికిరాదని పక్కన పడేసిన గుడ్డ పటాన్ని తీసుకుని, మన దేశం మీదుగా నిలువునా కత్తిరించి, తూర్పు ముక్కను తెచ్చి అమెరికాకు పడమట చేర్చి, వన్‌టౌన్‌లో గొడుగులు బాగుచేసే సాయిబు చేత పసిఫిక్ మహాసముద్రం మధ్యగా కుట్టించారు. దాంతో అమెరికా నడిమధ్యకు వచ్చింది. మొదటి రోజు దాన్ని తగిలించగానే తరగతిలో గుసగుసలు బయలుదేరాయి. కోటేశ్వరరావు అనే విద్యార్థి, సంఘం నాయకుడు, లేచి నిలబడ్డాడు.

"మన ఊరేదండీ, మేడమ్?"

"మీరే వెతకండి."

అతను వచ్చి ఆ చివరా ఈ చివరా చూశాడు. "లెక్కప్రకారం గుంటూరు కుడి అంచున ఉండాలండీ. మీ పామర్రు ఎడమ అంచున ఉండాలి. బెజవాడ కత్తెరకి పోయినట్టుందండీ."

అందరూ నవ్వారు. ఆవిడ కూడా కొద్దిగా నవ్వారు. "పోలేదు. అంచు మడతలో ఉంది. అమెరికాను మధ్యలో పెట్టి చూస్తే మనం సరిగ్గా దాని వీపు వెనక ఉంటాం. వాళ్ల కంటికి మనమెందుకు ఆనమో సగం ఇక్కడే తెలుస్తుంది. ఇప్పుడు చూడండి, ఇటు సముద్రం, అటు సముద్రం. బలమైన పొరుగువాడు లేడు. మిగతా సగం ఈ ఏడాదంతా చదువుకుందాం."

డెబ్భై ఒకటో సంవత్సరం డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. వాళ్లకు దన్నుగా అమెరికా నౌకాదళం బంగాళాఖాతంలోకి వస్తోందని రేడియో చెప్పిన రోజు ఊరంతా అట్టుడికిపోయింది. అమెరికా చరిత్ర పాఠం ఆపెయ్యాలని, ఆ పటాన్ని తమకు అప్పగిస్తే కూడలిలో తగలబెడతామని విద్యార్థులు అడిగారు. జ్ఞానరత్నమ్మగారు రెండూ కుదరవన్నారు. "మిషన్ మనిషి కదా, అమ్మగారు పుట్టింటి మాట పడనిస్తారా" అని వరండాలో ఎవరో అన్నారు. మర్నాడు పీరియడ్ నాది. వేసవిలో నా ఉద్యోగం స్థిరపడాలి. దానికి శాఖాధిపతి రాసే రహస్య నివేదిక కావాలి, యాజమాన్యం దయ కూడా కావాలి. విద్యార్థులకు గిట్టని ఉపన్యాసకుణ్ణి యాజమాన్యం ఉంచుకోదని అందరికీ తెలుసు. మా నాన్నగారు ఎలిమెంటరీ బడి పంతులుగా రిటైరై ఇంట్లో ఉన్నారు. నాకు ఇంకో దారి లేదు.

ఆనాడు నేను పాఠం చెప్పలేదు, ఉపన్యాసం దంచాను. దురాక్రమణ, దౌర్జన్యం, దురహంకారం అని మాట మీద మాట పేర్చాను. బల్లలు మోగాయి. ఆ మోతలో నాకు నేనే నచ్చాను. చివర, ముందుగా అనుకోని వాక్యం ఒకటి నా నోటినుంచి వచ్చింది: "వాళ్ల పాలపిండి కలిపిన చేతులు వాళ్లమీద వేలెత్తలేవు." మిషన్ బళ్లలో పిల్లలకు అమెరికా పాలపిండి కలిపి పోసేవారని అందరికీ తెలుసు. బల్లలు మరింత మోగాయి. కొందరు వెనక్కి తిరిగి చూశారు. ఆఖరి బల్లమీద జ్ఞానరత్నమ్మగారు కూర్చుని నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటున్నారు. ఆవిడ వచ్చినట్టు నాకు మొదటినుంచీ తెలుసు. తెలియదని ఇక్కడ రాస్తే అది రెండో తప్పవుతుంది.

సాయంత్రం స్టాఫ్‌రూమ్‌కు పిలిచారు.

"కూర్చోండి, సుబ్బారావుగారూ. బల్లలు బాగా మోగాయి."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మీరు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఓడలు వస్తున్నాయి. పొద్దున్నే కాంటీన్‌లో రేడియో కూడా అదే చెప్పింది. రేడియో చెప్పింది మళ్లీ చెప్పడానికైతే మీరెందుకండీ?"

"మరేం చెప్పాలండీ?"

"అంత దూరంనుంచి ఓడ ఊరికే రాదు. మధ్యలో ఎక్కడో ఆగడానికి, నూనె పోసుకోవడానికి రేవు ఉండాలి. ఆ రేవు ఎవరిచ్చారు? ఎప్పుడిచ్చారు? అలా అడుక్కుంటూ వెనక్కి పొండి. ఇంక వెళ్లలేనిచోట మీ పాఠం మొదలవుతుంది."

"పాలపిండి మాట తప్పయిందండీ" అన్నాను.

"నాకు చెప్తే ఏం లాభం? అన్నది నలభైమంది ముందు." కలానికి మూత పెట్టారు. "పామర్రు బడిలో అది కలిపింది నేనే. పెద్ద గుండిగలో ఉండకట్టకుండా కలపడం మీరనుకున్నంత తేలిక కాదు. కొందరు పిల్లలకి పడలేదు. చాలామంది ఒళ్లు చేశారు. ఆ సంగతి ఎత్తారు, మంచిదే, అది పాఠంలో ఉండాల్సిందే. ఎత్తినవారు పూర్తి చెయ్యాలి. వాళ్ల దగ్గర అంత పిండి ఎందుకు మిగిలింది? మన దగ్గర ఎందుకు లేకపోయింది? ఎల్లుండి మళ్లీ మీ పీరియడే కదా."

"పిల్లలు ఊరుకోరేమోనండీ."

"ఊరుకోరు" అని ఆవిడ లేచారు.

మర్నాడు ప్రిన్సిపాలుగారు వరండాలో నా భుజం తట్టి, "భేష్‌గా చెప్పావటయ్యా. కుర్రాళ్లు చల్లబడ్డారు. ఇలాగే కానియ్యి" అన్నారు. నివేదిక గురించి జ్ఞానరత్నమ్మగారు ఒక్క మాటా అనలేదు. నేనూ అడగలేదు.

ఆ పై రోజు పటం తగిలించాను. "మొన్న నేను పాఠం చెప్పలేదు. మీరు వినాలనుకున్నది చెప్పాను. పాలపిండి కలిపిన చేతుల గురించి అన్న మాట తగనిది. ఎవరిని అన్నానో మీకూ తెలుసు, నాకూ తెలుసు. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాను.

"మేడమ్ బాగా తలంటినట్టున్నారు, మాస్టారూ" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"తప్పు చేస్తే తలంటారు మరి. ఇక నోట్సు తీయండి."

సగానికి పైగా లేచి వెళ్లిపోయారు. కోటేశ్వరరావు పూర్తిగా వెళ్లక, గడప దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను బంగాళాఖాతం మీద కర్ర పెట్టి వెనక్కి నడిచాను. మలక్కా జలసంధి దాటి ఫిలిప్పీన్స్ రేవులు. అవి ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు, పందొమ్మిదో శతాబ్దం చివర యుద్ధంలో స్పెయిన్‌ను ఓడించి తీసుకున్నారు. రెండు సముద్రాల మీద ఓడలు నడపాలి కనుక పనామా కాలువ. ఓడలకు ముందు ఉక్కు, ఉక్కుకు ముందు గనులు, రైళ్లు. తర్వాత రెండు ప్రపంచ యుద్ధాల్లో ఐరోపా కాలింది, జపాను కాలింది, వీళ్ల కర్మాగారాలు కాలలేదు. వీళ్ల పొలాలూ చెడలేదు. తిన్నది పోగా మిగిలింది. మిగిలినదాన్ని ఆకలి ఉన్నచోటికి పంపారు. అందులో దయ ఉంది, ప్రయోజనమూ ఉంది. ఒకటి చెప్పి రెండోది దాచేవారు చరిత్ర చెబుతున్నట్టు కాదు.

"అయితే పాలపిండీ ఓడా ఒకచోటినుంచే వచ్చాయంటారా, మాస్టారూ?" అని కోటేశ్వరరావు గడప దగ్గరనుంచే అడిగాడు.

"ఒకచోటినుంచే. ఎలాగో రాయగలిగితే మీరు పరీక్ష ప్యాసవుతారు."

అతను వచ్చి ముందు బల్లమీద కూర్చున్నాడు. గంట మోగాక జ్ఞానరత్నమ్మగారు ఆఖరి బల్లమీంచి లేచి నా పక్కనుంచి వెళుతూ, "పనామా దగ్గర తొందరపడ్డారు" అన్నారు. అంతకుమించి ఆవిడ ఆ విషయం ఎన్నడూ ఎత్తలేదు.

వేసవిలో నా ఉద్యోగం స్థిరపడింది. మూడేళ్ల తర్వాత ఆవిడ రిటైరై పామర్రు వెళ్లిపోతూ, పటం నా చేతిలో పెట్టి, "నెలకోసారి గాలికి ఆరేయండి" అన్నారు. దశాబ్దం చివర నేను ఆ స్థానంలోకి వచ్చి పాత ఫైళ్లు వరుసలో పెడుతుండగా నామీద రాసిన నివేదిక కనిపించింది. ఇంగ్లీషులో ఉన్న ఆ నాలుగైదు వాక్యాల సారాంశం ఇది: ఈయన డిసెంబరులో ఒక పాఠం తప్పుగా చెప్పారు. విద్యార్థులు మెచ్చుకున్నారు. ఒకరోజు విడిచి అదే పాఠం సరిగ్గా చెప్పారు. సగంమంది బయటికి వెళ్లిపోయారు. స్థిరపరచవలసినదిగా కోరుతున్నాను.

పాలపిండి మాట అందులో లేదు. ఫైలు మొత్తం రెండుసార్లు తిరగేశాను, ఎక్కడా లేదు. శాఖాధిపతిని తరగతిలో అవమానించాడన్న ఆ ఒక్క వాక్యం చేర్చి ఉంటే నా ఉద్యోగం నిలిచేది కాదు.

ఇప్పటికీ పత్రికలో ఏ పెద్ద దేశపు ఓడ ఏ తీరానికి చేరిందని చదివినా, ఆ రేవు ఎవరిచ్చారని అడిగాకే అభిప్రాయం చెబుతాను. దానివల్ల నాతో మాట్లాడటం విసుగని మా ఇంట్లోవాళ్లు అంటారు. కావచ్చు. అది ఆవిడనుంచి వచ్చిన అలవాటు, మానుకునే ఉద్దేశం లేదు. కాని ఏదీ దాచకూడదని పట్టుబట్టిన మనిషి నా విషయంలో ఒక్క మాట దాచారు. ఆ మాట లేని కాగితం మీదే నేను ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పాను. రికార్డు అసంపూర్తిగా ఉండటం నాకు గిట్టదు. అందుకే ఆ మాటను, అన్నది అన్నట్టుగా, ఎవరి గురించి అన్నానో ఆ పేరుతో సహా, ఇక్కడ రాసి పెడుతున్నాను.