కప్పు తట్టిన కర్ర

ఈ వారం మా బడి సైన్సు ల్యాబులో కొత్త టైల్స్ వేశారు. మేస్త్రీ తాపీ పిడితో ఒక్కొక్క టైలునూ తట్టుకుంటూ పోయాడు. టక్, టక్, టక్. కిటికీ పక్క మూలలో మాత్రం 'డబ్' మంది. "పైకి మంచిగనే ఉన్నది టీచరమ్మా, ఎవలు తట్టి చూస్తరు?" అన్నాడు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. టైలును చూసి ఇంత భయపడిన మనిషిని అతను ఎరిగి ఉండడు. ఆ డొల్ల చప్పుడు వింటే ఇప్పటికీ మా వాడందరికీ బాబాయి వరసైన ఓదెలు కాక పక్కన నిలబడ్డట్టే ఉంటుంది.

కాక గోదావరిఖని బొగ్గుబావిలో సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. కార్మికులు పనిలోకి దిగేముందు గని కప్పును కర్రతో తట్టి, చప్పుడు విని, 'పోవచ్చు' అని చెప్పే ఉద్యోగం. గట్టిగా పలికితే రాయి నిలుస్తుంది, డొల్లగా పలికితే ఊడిపడుతుంది. తొమ్మిదో తరగతిలో నేనూ స్రవంతీ కప్పు పగలబోతుంటే మోగే అలారం చేస్తామని బయలుదేరాం. మా ఇద్దరి నాన్నలూ బావిలో దిగేవాళ్లే కాబట్టి అది దేశసేవేం కాదు, ఇంటిపని. హైస్కూలు పిల్లల ప్రాజెక్టులకు డబ్బిచ్చే పథకం ఒకటి వచ్చింది. ఆ డబ్బు వస్తేనే సరైన సెన్సర్లు కొనగలం. లేకపోతే మా అలారం అక్కడితో సరి. పని తెలిసిన పెద్దమనిషి వెంట ఉండాలన్నది షరతు. అలా కాక మాకు దొరికాడు. ఆయన ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. అడిగితే ఒకసారి తాబేలు కొరికిందన్నాడు, ఇంకోసారి "మీ చిన్నమ్మ బెండకాయలనుకొని కోసింది" అన్నాడు. నేను ఆ తాబేలు మీద బడంతా నవ్వేలా జోకులు వేశాను.

మా నమూనా గని ఒక చెక్కపెట్టె, దాని కప్పు ఒక సిమెంటు పలక. మర తిప్పితే బరువు పడి పలక లోపల చీలుతుంది, గంట మోగాలి. ఇంట్లో మోగింది. ఎంపిక రోజు పొద్దున మోగలేదు. నేను టేబుల్ బట్ట కింద, కాలికి అందేలా ఒక స్విచ్ పెట్టాను. "వద్దే, కాక పట్టేస్తడు" అంది స్రవంతి. "కాకకు కరెంటు గురించి ఏం తెలుసే?" అన్నాను. నిజమే, ఏమీ తెలియదు.

జడ్జీలు వచ్చారు. స్రవంతి మర తిప్పింది, నేను కాలి బొటనవేలితో నొక్కాను. గంట దివ్యంగా మోగింది. అప్పుడు కాక ముందుకొచ్చి కర్ర కొసతో పలకను తట్టాడు. టక్. ఇంకోచోట, టక్.

"సార్, కప్పు గట్టిగున్నది. ఏడా పగుల్లేదు. గంటనే అబద్ధమాడుతున్నది."

అదే కర్రతో బట్ట ఎత్తాడు. కింద నా కాలు. మడిచి జేబులో పెట్టుకునే వస్తువైతే బాగుండేది. స్రవంతి ఏడ్చింది. నేను బట్టను మళ్లీ కిందికి లాగి కాలు కప్పుకున్నాను. మా తరఫున వచ్చిన మనిషి అందరి ముందూ మమ్మల్ని పట్టించాడు! జడ్జీ మా దరఖాస్తు మీద అడ్డంగా గీత కొట్టాడు.

బస్టాండులో అరిచాను. "ఏంది కాకా గిట్ల చేసినవ్? గా పెట్టె బొమ్మనే గదా, ఎవలన్న సచ్చిపోతరా?"

కాక తన చేతివంక చూసుకున్నాడు. "గా దినం షిఫ్టు అయిపోవచ్చింది. ఒక్క మూల తట్టలే. తట్టిన్నని చెప్పిన. నాతో పనిచేసే రాయమల్లు గా మూలకే కూసున్నడు. కప్పు ఊడుతుంటే గుంజుదామని చెయ్యి పెట్టిన. నాకు వేళ్లు పోయినయ్. ఆయన పోయిండు."

మా బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. మేం కదల్లేదు. తాబేలు జోకులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

మరుసటి ఏడు మళ్లీ దరఖాస్తు నింపుతుంటే కాక అడిగాడు: "పదిసార్లకు ఎన్నిసార్లు మోగుతున్నది?"

"ఆరు."

"గదే రాయి. మోగని నాలుగు ఎప్పుడెప్పుడో గవి గూడ రాయి."

"గట్ల రాస్తే ఎవలిస్తరు కాకా?"

"మోగేదానికి పైసలెందుకు బిడ్డా? గా నాలుగింటికే గదా మనం అడిగేది."

డబ్బు మంజూరైంది. ఉత్తరం వేరేవాళ్లదేమోనని పేర్లు మూడుసార్లు చదువుకున్నాం. కొత్త సెన్సర్లతో అలారం పదిసార్లకు తొమ్మిదిసార్లు మోగింది. ఎగిరి గంతులేస్తూ చెబితే కాక అన్న మాట ఒక్కటే: "మరి గా ఒక్కటి?"

కాక ఇప్పుడు లేడు. ఆయన కర్ర మా ల్యాబు తలుపు వెనక ఉంటుంది. నా పిల్లలు "పదికి పది, టీచర్!" అంటూ ప్రాజెక్టులు తెస్తారు. నేను ముందు టేబుల్ బట్ట ఎత్తి చూస్తాను.

మేస్త్రీ చేత ఆ టైలు ఊడదీయించాను. "ఒక్క మూలకు గింత లొల్లా టీచరమ్మా?" అన్నాడు.

అవును, ఒక్క మూలకే.